దూది దాటని గుడ్డే బొంతకు రక్ష

అనంతపురం: ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం, అదీ నిలకడగా కురవని కరవు పీఠభూమి ఇది. వాన మొహం చాటేసినా చలి మాత్రం తప్పదు. జిల్లాలోనూ, 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన మడకశిర, హిందూపురం ప్రాంతాల్లోనూ డిసెంబరు, జనవరి మాసాల తెల్లవారుజాములు వణికిస్తాయి. పంట చేతికందని ఏట దూది బొంత కుట్టించుకోవడం పేద కుటుంబానికి చిన్న ఖర్చు కాదు. అటువంటి బొంత రెండు చలికాలాలైనా గడవకముందే, అడుగు గుడ్డలోంచి పోగులు పొడుచుకు వచ్చి, ఒకచోట పలచబడి మరోచోట ఉండకడితే పెట్టిన సొమ్ము దండగే. దూది మంచిది కాదని నింద వేయడం పరిపాటి. నిజానికి లోపం చాలాసార్లు దానికి తొడిగిన గుడ్డలోనూ, వేసిన కుట్టులోనూ ఉంటుంది.

పాత బొంతకు లేని బెడద

పాత చీరలు, పంచెలు పొరలుగా పేర్చి దగ్గర దగ్గరగా కుట్టే సంప్రదాయ బొంతలో విడి దూది ఉండదు కనుక బయటికి వచ్చేదీ ఉండదు. లోపల ఏకిన దూదినో, పాలిస్టర్ ఫైబర్‌నో నింపినప్పుడే ఈ బెడద. గుడ్డ పైకి ఒకే పలకలా కనిపించినా, అది పడుగు, పేకల నడుమ సందులున్న జల్లెడ వంటిది. కప్పుకున్నప్పుడు, మడిచినప్పుడు, ఉతికినప్పుడు కలిగే రాపిడికి లోపలి పోగుల కొసలు ఆ సందుల్లో దూరుతాయి. సూది చేసిన రంధ్రాలు వాటికి మరో దారి.

అన్ని దూదులూ ఒకే తీరున ఉండవు. పత్తి పోగుకు సహజంగా మెలికలు ఉండటంతో ఒకదానినొకటి పట్టుకుంటాయి. బూరుగు దూది నున్నగా ఉండి జారిపోతుంది. బయటికి వచ్చిన పత్తి కొస తెగి రాలిపోతే, గట్టిదైన పాలిస్టర్ పోగు తెగక గడ్డంలా నిలుస్తుంది. పాత పరుపు దూదిని పదేపదే ఏకిస్తే పోగులు తెగి పొట్టివవుతాయి. పొట్టి పోగు తేలికగా బయటపడుతుంది. అందుకే పాత దూదిలో కొంత కొత్త దూది కలిపి ఏకించడం మేలు.

పొడి గాలీ కారణమే

మన ప్రాంతపు పొడి వాతావరణం పాలిస్టర్ బొంతకు అదనపు చిక్కు. మామూలు గాలిలో పత్తి తన బరువులో 7 నుంచి 8 శాతం తేమను పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ పట్టేది అర శాతం లోపే. తేమ లేనిచోట రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుంది. చలికాలంలో టెరికాటన్ చొక్కా విప్పుతుంటే చిటపటలాడేది ఇందువల్లనే. ఆ ఆకర్షణకు లోపలి పోగులు గుడ్డవైపు లాగబడతాయి. పాలిస్టర్ నింపి, పైన కూడా పాలిస్టర్ గుడ్డే వేస్తే సమస్య ముదురుతుంది. కనీసం పై గుడ్డ అయినా నూలుదై ఉండాలి.

గుడ్డను ఇలా పరీక్షించాలి

కొనేముందు గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. సందులు చుక్కలుగా కనిపిస్తే అది దూదికి పనికిరాదు. నోటికి ఆనించి ఊదితే గాలి సులువుగా అవతలికి పోయే గుడ్డనూ వదిలేయాలి. ఇంకా అనుమానముంటే జానెడు గుడ్డతో చిన్న సంచి కుట్టి, అదే దూది నింపి, చేతుల మధ్య వంద సార్లు నలిపి చూడాలి. పోగులు పైకి తేలితే గుడ్డ మార్చుకోవాలి.

పరుపులకు వాడే చారల మందపాటి గుడ్డ, ఏటవాలు గీతల నేత ఉన్న చిక్కని నూలు గుడ్డ అనుకూలం. జీన్స్ దుస్తుల తయారీకి పేరొందిన రాయదుర్గంలో కుట్టే గుడ్డది ఆ నేతే. దాని ముక్కలు దొరికితే అతికి అడుగు గుడ్డగా వాడుకోవచ్చు. అయితే బరువు పెరుగుతుంది. నూలు గుడ్డను ముందే ఒకసారి తడిపి ఆరబెడితే కుంచించుకుని నేత మరింత చిక్కనవుతుంది. పలచని గుడ్డే గతి అయితే లోపల మల్లు గుడ్డతో అస్తరు వేయాలి. ఈకల పరుపులు వాడిన ఐరోపాలో పూర్వం గుడ్డ లోపలి వైపు సబ్బు లేదా తేనెమైనం రుద్ది సందులు పూడ్చేవారు. ఉతికే బొంతకు అది నిలవదు. చిక్కని నేతే శాశ్వత మార్గం.

కుట్టులో మెలకువ

సూది సన్నగా, పదునుగా ఉండాలి. మొద్దుబారిన సూది గుడ్డ పోగును తెంపడమే కాక దూదిని వెంట లాక్కొస్తుంది. సూది చేసిన రంధ్రాన్ని నింపేంత దారం ఎంచుకోవాలి. కుట్టు వరుసల నడుమ నాలుగు వేళ్ల వెడల్పుకు మించి ఎడం ఉండరాదు. జానెడు ఎడం వదిలితే దూది కదిలి ఉండకడుతుంది.

బయటికి వచ్చిన పోగును లాగరాదు. లాగితే దాని వెంట మరికొన్ని వస్తాయి. కత్తెరతో గుడ్డ మట్టానికి కత్తిరించాలి. దులిపేటప్పుడు కర్రతో బాదరాదు. విడి దూది బొంతను నీళ్లలో నానబెట్టరాదు. ఎండలో ఆరేసి, పైన ఊడదీసే గలీబు తొడిగి, దానినే ఉతుక్కోవాలి. పోగులు అంతటా పొడుచుకు వస్తే బొంతను పారేయనక్కరలేదు. పాత గుడ్డ మీదే చిక్కని గుడ్డ మరొకటి వేసి కుట్టిస్తే చాలు.

ఊరూరా తిరిగి విల్లుతో దూది ఏకిన దూదేకుల, పింజారి కుటుంబాలకు ఫోం, కొబ్బరిపీచు పరుపులు వచ్చాక పని తగ్గింది. బొంతలు కుట్టే మహిళలదీ అంతంతమాత్రపు రాబడే. కుట్టిన బొంత నాలుగేళ్లు నిలిస్తేనే మరొకరు పని అప్పగిస్తారు. కుట్టించుకునేవారు దూది ధర ఒక్కటే కాక గుడ్డ నేతనూ అడిగి చూసుకుంటే ఇరువురికీ నష్టం తప్పుతుంది.