నొప్పిని మరిపించే మంచు లోకం

వంటింట్లో వేడి నూనె చింది పిల్లవాడికి ఒళ్లు కాలిందనుకోండి. కాలినప్పటి బాధ ఒక ఎత్తు, తర్వాత ఆస్పత్రిలో పుండు కడిగి కట్టు మార్చే ప్రతిసారీ పడే బాధ మరో ఎత్తు. నొప్పి మందులు ఇచ్చినా అది పూర్తిగా అణగదు.

అమెరికాలోని సియాటిల్ నగరంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ నిపుణులు 1990లలో ఇందుకు ఒక ఉపాయం కనిపెట్టారు. కట్టు మార్చేటప్పుడు రోగి కళ్లకు కంప్యూటర్ పరికరం తగిలిస్తారు. అందులో ఎటు చూసినా మంచుకొండలే. రోగి మంచుముద్దలు విసిరే ఆటలో మునిగిపోతాడు. దీని పేరు 'స్నో వరల్డ్'. ఇలా కంప్యూటర్ సృష్టించే లోకాన్నే వర్చువల్ రియాలిటీ అంటారు. మన ధ్యాసకు ఒక హద్దుంది. అది ఆటలోకి పోతే నొప్పికి మిగిలేది తక్కువ. ఆరోగ్యవంతులపై జరిపి 2004లో ప్రచురించిన పరిశోధనలో, ఈ ఆట ఆడుతున్నంతసేపు మెదడులో నొప్పికి స్పందించే భాగాల చురుకుదనం తగ్గినట్లు స్కానింగ్‌లో తేలింది.

యునానీ చదివినవారికి ఈ సూత్రం కొత్త కాదు. ఇబ్నె సీనా (980-1037) తన 'అల్ ఖానూన్' గ్రంథంలో నొప్పిని తగ్గించే మార్గాలలో నెమ్మదిగా నడవడం, ఇంపైన సంగీతం, మనసును బాగా ఆకట్టుకునే పనిలో నిమగ్నం కావడం కూడా చేర్చారు. ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు అంశాలలో మనసు కదలిక, మనసు విశ్రాంతి కూడా ఒకటని యునానీ చెబుతుంది.

అయితే నొప్పిని మరిపించడం వేరు, జబ్బును నయం చేయడం వేరు. 2021లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీర్ఘకాలిక నడుంనొప్పికి ఇలాంటి పరికరాన్ని అనుమతించింది. అది కూడా పెద్దవారికి, డాక్టరు చీటీపై, ఇతర చికిత్సకు తోడుగా మాత్రమే. కొందరికి దీనితో తల తిరుగుతుంది, వికారం కలుగుతుంది. మూర్ఛ ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు.

ఇంట్లో పాటించవలసినవి:

1. కాలిన చోట వెంటనే 20 నిమిషాలు మామూలు చల్లని నీటిధార పోయండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. బొబ్బలు చిదపవద్దు. గాయం పెద్దదైతే, ముఖం లేదా చేతులు కాలితే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

2. కట్టు మార్చేటప్పుడు పిల్లవాడికి కథ చెప్పండి, లెక్కలు అడగండి, బొమ్మ చూపండి. అడవిపొలంలోనైనా సియాటిల్‌లోనైనా పిల్లల మనసు ఒక్కటే.

3. గుండెనొప్పి, ఉన్నట్టుండి వచ్చిన తీవ్రమైన తలనొప్పి లేదా కడుపునొప్పి మరిపించవలసినవి కావు. అవి హెచ్చరికలు. ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్లండి.

షిఫా ప్రసాదించేవాడు అల్లాహ్. సకాలంలో వైద్యం చేయించడం మన బాధ్యత.