పద్నాలుగేళ్ల కారు, 24 వేల కిలోమీటర్లే తిరిగింది: కొనొచ్చా?

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువ మంది అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, మోడల్ పాతదే, కానీ చాలా తక్కువ తిరిగింది, తీసుకోవచ్చా?" అని. రెండు నెలల కింద నేనే ఇదే ప్రశ్నలో ఇరుక్కున్నా. కాబట్టి పుస్తకం జవాబు కాకుండా ఆ కథే చెప్తా, మధ్యమధ్యలో లెక్కలు చూద్దాం.

మాది ఉప్పల్‌కీ నాచారానికీ మధ్య. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆటో ఎక్కడం దిగడం ఆయనకు నరకం. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. నా చేతిలో ఉన్నది చిట్టీ ఎత్తితే వచ్చిన రెండున్నర లక్షలు. అంతకు మించి ఒక్క రూపాయి లేదు. బండి కొన్న నెలకే షెడ్డుకి వెళ్తే నాన్న మళ్లీ ఆటోలోనే. ఈ భయం మనసులో పెట్టుకుని వినండి.

మా వెనక వీధిలో ఒక రిటైర్డ్ పెద్దాయన ఉన్నారు. ఆయన ఐ10 అమ్ముతున్నారని తెలిసింది. 2011 మేలో రిజిస్ట్రేషన్, 1.1 లీటర్ పెట్రోల్, ఫస్ట్ ఓనర్. మీటర్ మీద 24,000 కిలోమీటర్లు. అడిగిన ధర 2 లక్షల 20 వేలు. చూడటానికి వెళ్లా. పెయింట్ మెరుస్తోంది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా పూర్తిగా తీయలేదు. నిజం చెప్తున్నా, అక్కడే డబ్బులు తీసి ఇచ్చేద్దామనిపించింది.

అన్నట్టు, మనం మైలేజీ అంటే లీటర్‌కి ఎంత ఇస్తుంది అనే అర్థంలో వాడతాం. ఇక్కడ నేను మాట్లాడేది మీటర్ రీడింగ్ గురించి. రెండూ కలిపేయకండి.

మొదటి అనుమానం అందరికీ వచ్చేదే. మీటర్ వెనక్కి తిప్పారా? డిజిటల్ మీటర్ అయినా తిప్పేవాళ్లు ఉన్నారు, చిన్న పరికరం చాలు. అందుకే మీటర్‌ని పక్కన పెట్టి మిగతా బండిని అడగాలి. బ్రేక్, క్లచ్ పెడల్స్ మీద రబ్బరు అరిగిందా, స్టీరింగ్ నున్నగా అయిందా, డ్రైవర్ సీటు అంచు నలిగిందా చూడండి. 24 వేలు తిరిగిన బండిలో ఇవి కొత్తగానే ఉండాలి. లక్ష దాటిన బండిలో కొత్త పెడల్ రబ్బర్లు, కొత్త స్టీరింగ్ కవర్ ఉంటే అది ఇంకో కథ. తర్వాత టైర్లు. టైరు పక్క గోడ మీద డాట్ అని ఉండి, చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ బండి నాలుగు టైర్ల మీదా 0911 అని ఉంది. అంటే 2011లో తొమ్మిదో వారం. కంపెనీ నుంచి వచ్చిన టైర్లే, గుండీలు ఇంకా బాగానే ఉన్నాయి. మీటర్ నిజమే చెప్తోందన్నమాట.

సంతోషపడ్డా. తర్వాత ఇంటికొచ్చి ఆలోచిస్తే తట్టింది. మీటర్ నిజమని సాక్ష్యం చెప్పిన ఆ టైర్లే, నేను కొన్న రోజే తీసి పారేయాల్సినవి. పద్నాలుగేళ్ల రబ్బరు అది. గుండీ ఉన్నా పక్క గోడల మీద సన్నటి పగుళ్లు వచ్చాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద 90లో వెళ్తుండగా పేలితే? నాన్న పక్క సీట్లో ఉంటే?

ఇక సర్వీస్ బుక్. పెద్దాయన దాచారు, మెచ్చుకోవాలి. అందులో ఎంట్రీలు ఇలా ఉన్నాయి: 2014లో 9,300, 2017లో 17,800, 2021లో 22,600. ఇప్పుడు 24,000. సగటు లెక్కేస్తే ఏడాదికి దాదాపు 1,700 కిలోమీటర్లు. తక్కువే, కానీ పర్లేదు అనిపిస్తుంది. సగటుని నమ్మకండి. 2017 వరకు ఆయన ఏడాదికి దాదాపు మూడు వేలు తిప్పారు. 2017 నవంబర్ చివర్లో నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా మెట్రో మొదలైంది కదా, ఆయన మెట్రోకి అలవాటు పడ్డారు. చివరి నాలుగేళ్లలో తిరిగింది 1,400. నెలకు ముప్పై కిలోమీటర్లు కూడా లేదు! ఇది తక్కువ తిరిగిన బండి కాదు, నాలుగేళ్లుగా నిలబడిపోయిన బండి. రెండింటికీ చాలా తేడా ఉంది.

తేడా ఏంటో మా మెకానిక్ చూపించాడు. నాచారం పారిశ్రామికవాడ దగ్గర చిన్న షెడ్డు అతనిది. పెద్దాయన్ని ఒప్పించి బండి అక్కడికి తీసుకెళ్లా. అతను ముందు ఆయిల్ మూత తీసి, లోపలివైపు నాకు చూపించాడు. కాఫీలో పాలు కలిపినట్టు గోధుమరంగు జిడ్డు. "హెడ్ గాస్కెట్ పోయిందా?" అని అడిగా, భయంతో. కూలెంట్ శుభ్రంగానే ఉందని చూపించాడు. "లేదు సార్. బండి తిరిగితే ఖరాబ్ కాదు, నిలబడితేనే ఖరాబ్ అయితది" అన్నాడు.

కారణం సింపుల్. ఇంజన్ స్టార్ట్ చేసి గుడి దాకా వెళ్లి వచ్చేస్తే ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల పుట్టిన తేమ, కాలని పెట్రోల్ ఆవిరి కాకుండా ఆయిల్‌లోనే కలిసిపోతాయి. బయటికి పోవాలంటే కనీసం అరగంట దూరం నడవాలి. అందుకే కంపెనీలు ఆయిల్ మార్చడానికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అంటాయి. పెద్దాయన్ని అడిగితే, "తిరగనే లేదు కదా బాబూ, ఆయిల్ ఎందుకు మార్చాలి?" అన్నారు. మోసం చేయాలని కాదు. ఆయన నిజంగానే అలా నమ్మారు. మనలో సగం మంది అలాగే నమ్ముతాం.

ఏది ముందొస్తే అది అనే రూల్ ఆయిల్‌కి మాత్రమే కాదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. లేకపోతే సిలిండర్లు తుప్పు పడతాయి. కూలెంట్‌కీ వయసుంది, బ్యాటరీకీ వయసుంది. అన్నిటికంటే ముఖ్యం టైమింగ్ బెల్ట్. ఈ 1.1 ఇంజన్‌లో చైన్ కాదు, రబ్బరు బెల్ట్ ఉంటుంది. అదే ఐ10లో 1.2 కప్పా ఇంజన్‌కైతే చైన్. బెల్ట్ తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, బిల్లు భారీగా వస్తుంది. పద్నాలుగేళ్ల బెల్ట్ 24 వేలే తిరిగినా అది పద్నాలుగేళ్ల రబ్బరే. మీరు చూస్తున్న బండికి బెల్టా, చైనా అన్నది కొనే ముందే కనుక్కోండి.

పెట్రోల్ సంగతి కూడా. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2011 బండి దానికోసం తయారైంది కాదు. ఇథనాల్ తేమ పీలుస్తుంది, పాత రబ్బరు పైపులకు మంచిది కాదు. నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంటే ఇంకా ఇబ్బంది. ఫ్యూయల్ పైపులు మార్చాలని మెకానిక్ ముందే చెప్పాడు.

మా ఏరియాలో కొనేవాళ్లు వరద సంగతి కూడా చూడాలి. 2020 అక్టోబర్ 13 రాత్రి గుర్తుందా? ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్‌లో ఎన్ని కార్లు మునిగాయో. సీట్ బెల్ట్‌ని చివరి దాకా లాగండి, కింది భాగంలో బురద మరక ఉంటే దొరికిపోతుంది. స్టెప్నీ తీసి కింద గుంతలో మట్టి, తుప్పు చూడండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. ఈ బండి ఆ పరీక్షలో పాస్ అయింది.

ఇంకోటి, ఢిల్లీ నంబర్ బళ్లు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద ఎన్జీటీ 2015లో ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. దాంతో అక్కడ రేటు పడిపోయి ఇటు వస్తున్నాయి. చవకగా కనిపిస్తాయి కానీ ఎన్ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క కలిపాక రేటు చూడండి.

ఇప్పుడు కాగితాలు. ప్రైవేట్ కారు ఆర్‌సీ పదిహేనేళ్లు. ఈ బండికి 2026 మేలో అయిపోతుంది, అంటే నేను చూసినప్పటికి పది నెలలే ఉంది. ఆ తర్వాత ఆర్టీఏకి తీసుకెళ్లి చూపించి, ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. ఇంత పాత బండికి జీరో డిప్ ఇన్సూరెన్స్ దొరకడం కష్టం. అమ్మేవాళ్ల నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది బండిది కాదు, మనిషిది. ఫామ్ 29, 30 సంతకాలు, బ్యాంకు లోన్ ఉండి ఉంటే ఫామ్ 35, చలాన్లు, ఇవన్నీ డబ్బు ఇవ్వకముందే. "తర్వాత చూసుకుందాం తమ్మీ" అంటే లేచి వచ్చేయండి.

మెకానిక్ రాసిచ్చిన చీటీ ఇది. నాలుగు టైర్లు 14,400. బ్యాటరీ 4,500. టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్, కూలీతో కలిపి 7,500. ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఫిల్టర్లు 5,000. బ్రేక్ సిలిండర్లు, పైపులు 4,000. ఫ్యూయల్ పైపులు, ఇంజన్ మౌంటింగ్ 3,600. మొత్తం 39,000. అంటే 2 లక్షల 20 వేల బండి నాకు 2 లక్షల 59 వేలు. నా దగ్గర ఉన్నది రెండున్నర. ఆర్‌సీ ఖర్చు ఇందులో లేదు.

"మరి ఇంజన్ అరగలేదు కదా, దానికి విలువ లేదా?" అంటారా? ఉంది. పిస్టన్లు, గేర్‌బాక్స్, సస్పెన్షన్, డోర్లు అన్నీ గట్టిగా ఉన్నాయి. 39 వేలు పెట్టి, మెల్లగా నడపడం మొదలుపెడితే ఆ బండి ఇంకో ఏడెనిమిదేళ్లు వస్తుందని మెకానిక్ కూడా అన్నాడు. కాబట్టి తక్కువ తిరిగిన పాత బండి చెడ్డదని నేను అనను. తక్కువ తిరిగినందుకు ఎక్కువ రేటు ఇవ్వడం తప్పంటాను. ఆ ఖర్చంతా రేటులోంచి తగ్గాలి.

అందుకే 1 లక్ష 75 వేలకు అడిగా. చీటీ కూడా చూపించా. పెద్దాయన నొచ్చుకున్నారు. "ఇరవై నాలుగు వేలే తిరిగింది బాబూ, బిడ్డలా చూసుకున్నా" అన్నారు. "మీరు బాగానే చూసుకున్నారు అంకుల్, నా దగ్గర అంత లేదు" అని వచ్చేశా. బాధేసింది, ఎందుకంటే ఆయన అబద్ధం ఒక్కటీ ఆడలేదు.

నన్ను ఆపింది ఇంకోటి కూడా ఉంది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దేశపు చిన్న కార్ల క్రాష్ టెస్ట్ ఫలితాలు పెట్టింది. ఎయిర్‌బ్యాగుల్లేని ఐ10, ఆల్టో 800, ఇంకో మూడు, అన్నిటికీ సున్నా స్టార్లు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జూలై నుంచే. నా బడ్జెట్‌లో ఆ తర్వాతి బండి రాదు, తెలుసు. అందుకే 2014 వ్యాగన్ ఆర్ చూసినప్పుడు ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఉన్న వేరియంటే వెతికా. మల్లాపూర్‌లో దొరికింది. 68,000 కిలోమీటర్లు, ఏటా సర్వీస్ బిల్లులు, మూడేళ్ల కింద మార్చిన టైర్లు, చైన్ ఇంజన్. 2 లక్షల 35 వేలకు ఒప్పుకున్నారు. పొద్దున్నే ఫోన్ చేయకుండా వెళ్లి, బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకుని స్టార్ట్ చేయించా. ముందే వేడి చేసి పెట్టిన ఇంజన్ ఏ రోగమైనా దాచేస్తుంది. తర్వాత ఏసీ వేసి నలభై నిమిషాలు నడిపా. ఈ రెండు నెలల్లో దానికి పెట్టింది ఒక ఆయిల్ సర్వీస్, వైపర్లు.

ఐ10 నాలుగు రోజుల్లోనే అమ్ముడుపోయింది, 2 లక్షల 5 వేలకు. కొన్నది మా కాలనీ కుర్రాడే. మొన్న వాటర్ ట్యాంక్ దగ్గర కలిశాడు, అవే టైర్ల మీద తిరుగుతున్నాడు. మెకానిక్ అడ్రస్ ఇచ్చి, "ముందు టైర్లు, టైమింగ్ బెల్ట్ మార్పించు తమ్ముడూ" అని చెప్పా. "24 వేలే కదా అన్నా, దసరాకి ఊరెళ్లొచ్చాక చూస్తా" అన్నాడు. వాళ్ల ఊరు సూర్యాపేట అవతల. నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేశా, ఎత్తలేదు. ఈ ఎపిసోడ్ లింక్ అతనికే ముందు పంపిస్తున్నా.