మోటుగోడయు నున్నగోడయు

ఇంటికి వన్నె తెచ్చునది రంగే యని మన రైతు సోదరులలో ననేకులు తలంచుచున్నారు. పంట సొమ్ము చేతికి రాగానే రంగు డబ్బాలకై పట్నము పరుగెత్తువారిని మేమెఱుంగుదుము. రంగుకంటె ముందు గోడ గరుకా, నునుపా యని చూడవలెనని మేము చెప్పగా కొందఱు నవ్విరి. నవ్వినవారిని ఒకమాఱు చాదర్‌ఘాట్‌నకు తోడుకొని పోవలెనని మాకు తోచినది.

హైదరాబాదులో మూసీనది యుత్తరపు గట్టున, చాదర్‌ఘాట్ ప్రాంతమున, పూర్వము ఆంగ్ల రెసిడెంటు వసించిన భవనము కలదు. కోఠీ యని జనులందురు. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దపు ఆరంభమున దీనిని కట్టించెను. నమూనా సిద్ధపఱచినవాడు శామ్యూల్ రస్సెల్. 1949 నుండి అది స్త్రీల కళాశాల. 2022 నుండి మహిళా విశ్వవిద్యాలయము. ముఖమంటపపు ఆఱు మహాస్తంభములను దూరమునుండి చూచువారు చలువరాయి యనుకొందురు. దగ్గఱకు పోయి చేయి పెట్టినగాని అది సున్నపు గార యని తెలియదు. భవనము శిథిలమై, 2002లో ప్రపంచమున ఆపదనున్న కట్టడముల జాబితా కెక్కినది. ఇటీవలి మరమ్మతులందును సున్నమునే వాడిరి.

ఆ పని మన పల్లె మేస్త్రీలకు క్రొత్తది కాదు. కాల్చిన సున్నమును నీట విఱిచి, ఇసుకతో గానుగలో రుబ్బినచో డంగుసున్నమగును. (విఱుచునప్పుడు పిల్లలను దరికి రానీయరాదు, కన్నులలో పడినచో చూపునకు ముప్పు.) మొదటిపూతను ముతక యిసుకతో గరుకుగా విడువవలెను; ఆ గరుకే పైపూతను పట్టి యుంచును. కడపటి పూతకు జల్లించిన సున్నము కావలెను. అందు కరక్కాయ, బెల్లము నానిన నీరు కలుపుట పెద్దల వాడుక. తడి పూర్తిగా ఆఱకముందే నున్నని గులకరాతితో పామినచో మెఱుగు వచ్చును. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మెల్లగా మరల రాయియగును గనుక తొందర పనికిరాదు.

ఇల్లంతయు మెఱసినచో కంటికి విశ్రాంతి లేదు. అంతయు గరుకైనచో దుమ్ము పట్టును. కిటికీ ప్రక్కగోడను గరుకుగా నుంచుడు. ఏటవాలుగా పడు వెలుగు దానిపై చిన్న నీడలు పఱచును. వేఱు చిత్తరువు అక్కఱలేదు. దీపపు గూటిని, వీపు ఆనించు చోటును నునుపు చేయుడు. నున్నని తెల్లగోడపై నల్లగొంగడి వ్రేలాడదీసి చూడుడు. పట్టుతెర యేల యనిపించును.

ఇక మా తప్పిదము. కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున మట్టిగోడకు సిమెంటు పూయింపుడని మేమే సలహా యిచ్చితిమి. అద్దమువలె నున్నగా వచ్చినదని మురిసితిమి గూడ. రెండవ వానకాలము దాటునప్పటికి అది పెళ్లలు పెళ్లలుగా ఊడి, వెనుకనున్న మట్టి తడిసి మెత్తబడి యుండెను. ఆ యింటి ముసలమ్మ మమ్ము చూచి, "అయ్యా, మా అత్త అలికిన గోడ నా పెండ్లినాటి నుండి నిలిచినది. మీ గోడ రెండు వానలకే రాలినది" అనెను. మావద్ద జవాబు లేకపోయెను. మట్టిగోడ నేలచెమ్మను పీల్చి బయటికి విడుచును. సిమెంటు ఆ దారి మూయును. చెమ్మ లోపలనే నిలిచి గోడను తినును. పైగా మెత్తని మట్టికి బిరుసు సిమెంటు పొసగదు. అప్పులు చేసి సిమెంటు పూయించు సభ్యులను చూచినప్పుడెల్ల మాకు ఆ పెళ్లలే జ్ఞాపకము వచ్చును.

మఱుసటి వేసవిని ఆ గోడకు జిగటమట్టి, ఇసుక, తఱిగిన గడ్డి కలిపి, ఒకవారము పులియబెట్టి, మేమును చేయి వేసి మెత్తించితిమి. గడ్డిపోచలు పైకి కనబడుచుండగా నున్నగా పామింతుమా యని మేమడిగితిమి. ముసలమ్మ ఒప్పుకొనలేదు. ఆ పోచలమీదనే పలుచగా పేడ అలికి, క్రింద జానెడెత్తు జాజు పట్టీ తానే తీర్చి, ఈ పని మీకు రాదని మమ్ము అరుగుమీద కూర్చుండబెట్టెను.