అడవికీ ఓ సెలవు

పర్ణశాలలో ప్లాస్టిక్ పళ్లెం తీసేసి ఆకు పళ్లెం పెడితే చిన్న కొట్టు పచ్చబడిపోతుందా? ఆకు ఎప్పుడు కోయాలి, ఎంత కోయాలి, కోసినవాళ్ల చేతికి ఎంత రావాలి అన్నవి తేలకపోతే ఆ పచ్చదనం పైపూతే.

ఆ కొట్టు ఏటి ఒడ్డున ఉంది కాబట్టి ముందు ఏటి సంగతి చూద్దాం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత ఏరు అంతగా పొంగింది మళ్లీ అప్పుడే. భద్రాచలానికి ఎగువన, సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో ఉంది పర్ణశాల. గోదావరికి గట్టి వరదొస్తే సీతవాగూ ఎగదన్నుతుంది. సీతమ్మ నారచీరలు ఆరేసిందని చూపించే చోటు నీళ్లపాలవుతుంది.

మిగతా రోజుల్లో అదే ఒడ్డున యాత్రికుల సందడి. భద్రాద్రి రాముణ్ని చూసినవాళ్లు ఆటోలు, జీపులు మాట్లాడుకుని ఇక్కడికీ వస్తారు. వాళ్లను నమ్ముకుని టీకొట్లు, టిఫిన్ బండ్లు, కొబ్బరికాయల దుకాణాలు, బొమ్మల అంగళ్లు నడుస్తాయి. ఇక్కడ వాగు పక్కన పడేసిన కప్పుకి అదే ఆఖరి మజిలీ కాదు. వరదొస్తే భద్రాచలం స్నానఘట్టాల మీదుగా, పాపికొండల నడుమ నుంచి ధవళేశ్వరం దారి పడుతుంది. ఎగువన ఉన్న వ్యాపారి బాధ్యత కొట్టు గుమ్మంతో ఆగదు.

చట్టం కొంత పని చేసింది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ నిషేధం. ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీబ్యాగులూ అమ్మకూడదు. కానీ లోపల ప్లాస్టిక్ పూత ఉండే కాగితపు కప్పు ఆ జాబితాలో లేదు. నీళ్ల సీసా లేదు. ఓ చిన్న టీకొట్టు వెనక పోగయ్యే చెత్తలో ఎక్కువ భాగం ఈ రెండే. మిగిలిన పని వ్యాపారే చేసుకోవాలి.

టీ గ్లాసు లెక్క

కాగితపు కప్పుతో మొదలుపెడదాం. కాగితం తనంతట తాను వేడి టీని మోయలేదు. అందుకే లోపలి వైపు పల్చటి ప్లాస్టిక్ పొర అతికిస్తారు. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు ఆ కప్పుల్లో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచి చూస్తే, సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీళ్లలో కలిశాయి. ప్లాస్టిక్ మానేశామనుకుని దాన్నే తాగుతున్నామన్నమాట.

ఇక డబ్బు సంగతి. రోజుకు 200 టీలు అమ్మే కొట్టు అనుకుందాం. ఏడాదికి 300 రోజులు తెరిస్తే 60 వేల కప్పులు. కప్పు అర్ధరూపాయి చొప్పున వేసుకున్నా 30 వేల రూపాయలు చెత్తబుట్టలోకి పోయినట్టే. అదే కొట్టుకు అరవై, డెబ్బై స్టీలు గ్లాసులు, కడగడానికి మరిగిన నీళ్లు ఉంటే చాలు. గ్లాసులు ఒక్కసారి కొంటే ఏళ్లు వస్తాయి. కడిగే మనిషి కూలి, నీళ్లు, పొయ్యి ఖర్చు కలుపుకోవాల్సిందే. అయినా ఆ డబ్బు ఊళ్లోనే ఒకరి ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంది.

నీళ్ల సీసాకు నీలగిరి జిల్లా ఒక దారి చూపింది. అడవిలో మద్యం సీసాల గాజు పెంకులు ఏనుగుల కాళ్లలో దిగుతున్నాయన్న విషయం మద్రాసు హైకోర్టు దాకా వెళ్తే, 2022లో అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాలు సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకోవడం మొదలుపెట్టాయి. ఖాళీ సీసా తిరిగిస్తే ఆ పది వెనక్కి ఇస్తారు. పదింట తొమ్మిదికి పైగా సీసాలు తిరిగొచ్చాయి. పర్ణశాలలోని దుకాణదారులంతా ఒక మాట మీదికొచ్చి సీసాకు ఐదో పదో డిపాజిట్ పెట్టుకుంటే, వాటిని ఏరుకొచ్చేవాళ్లూ పుడతారు. ఒక్క కొట్టే పెడితే గిరాకీ పక్క కొట్టుకు పోతుంది. ఇది నలుగురూ కలిసి చేస్తేనే నిలిచే పని.

విస్తరి వెనక తీగ

భోజనం దగ్గరికొస్తే ఈ అడవి చేతిలో ఎప్పటి నుంచో జవాబు ఉంది. అడ్డాకు, మోదుగాకు. అడ్డతీగ పెద్ద చెట్లను చుట్టుకుని పైకి పాకుతుంది. ఆకు రెండు రెక్కలుగా చీలి, అరచేతిని మించి పెరుగుతుంది. చెట్టును వంకర చేస్తుందని అటవీశాఖ పాత పద్ధతుల్లో ఈ తీగను నరికించేవారు. మోదుగ అలా కాదు. ఎండాకాలం మొదట్లో ఎర్రగా పూసి, ఆ వెనకే కొత్త ఆకు తొడుగుతుంది. ఆకు కోసి, ఎండలో ఆరబెట్టి, మెత్తబడేలా తడి చిలకరించి, సన్నటి పుల్లలతో కుడితే విస్తరి. మడిచి కుడితే దొన్నె. ఇప్పుడు వేడి అచ్చుల మిషన్లు కూడా వచ్చాయి. రెండు మూడు ఆకుల పొరలు వేసి నొక్కితే పళ్లెంలా నిలబడుతుంది.

మోసం కూడా ఇక్కడే దూరుతుంది. మిషన్ పళ్లేల్లో కొన్నిటికి ఆకు కింద ప్లాస్టిక్ పొర వేస్తారు. అరిటాకు బొమ్మ అచ్చేసి, పైన మెరుపు పూత పూసిన కాగితపు విస్తళ్లు ప్రతి పెళ్లిలోనూ చూస్తూనే ఉన్నాం. ఆవు తిన్నా, ఏట్లో కలిసినా అవి ప్లాస్టిక్కే. కొనేటప్పుడు ఒక పళ్లెం చింపి చూస్తే గుట్టు బయటపడుతుంది. పొర సాగుతూ ఊడొస్తే అది ఆకు పళ్లెం కాదు.

అసలైన ఆకు పళ్లేనికీ ఒక ప్రశ్న ఉంది. గిరాకీ రెట్టింపైతే ఆకు ఎక్కడి నుంచి వస్తుంది? చేతికందిన ఆకు కోసుకుంటే తీగ మళ్లీ చిగురిస్తుంది. పై ఆకు అందడం లేదని తీగ మొదలు నరికితే ఆ సంవత్సరం ఆకు దండిగా వస్తుంది, మరుసటేడు అక్కడ ఏమీ ఉండదు. అసలు ముట్టకుండా వడ్డీతో ఇల్లు గడుపుకున్నట్టు ఉండాలి అడవితో బేరం. కోసిన కూలి మరీ తక్కువైతే మనిషి తొందరపడతాడు, ఎక్కువ కట్టల కోసం తీగ నరుకుతాడు. కాబట్టి ఆకు ధర కూడా పర్యావరణంలో భాగమే.

బొంగులో లేత వెదురు

మారేడుమిల్లి నుంచి భద్రాచలం దాకా రోడ్డు పక్క కనిపించే వంటకం బొంగు చికెన్. నూనె అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు. మసాలా పట్టించిన మాంసం పచ్చి వెదురు గొట్టంలో కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పుల మీద కాలుస్తారు. వెదురులోని తేమే వంటకు నీరు. వింటుంటే ఇంతకన్నా పచ్చటి వంట లేదనిపిస్తుంది. కానీ కాలిన బొంగు మళ్లీ పనికిరాదు. గిరాకీ పెరిగితే పచ్చి వెదురు నరుకుడూ అంతే పెరుగుతుంది.

వెదురు తీరు తెలిస్తే చిక్కేమిటో అర్థమవుతుంది. వానాకాలంలో పిలకలు లేచి, కొద్ది నెలల్లోనే పూర్తి ఎత్తుకు సాగుతాయి. గట్టిపడటానికి సుమారు మూడేళ్లు పడుతుంది. కొత్త పిలకలు పుట్టేది ఎక్కువగా ఒకటి రెండేళ్ల లేత బొంగుల దుంప నుంచే. వంటకు లేతవే బాగుంటాయని వాటినే కొడుతూ పోతే పొద గొడ్డుబోతుంది. పిలకలు లేచే వానల్లో కత్తి పెట్టకుండా, ప్రతి పొదలో లేత బొంగులు చాలినన్ని వదిలి, చేలగట్ల మీద సొంతంగా వెదురు నాటుకుంటే ఈ వ్యాపారం పది కాలాలు నిలుస్తుంది. 2017లో చేసిన చట్ట సవరణతో అడవి బయట పెంచిన వెదురును కొట్టి అమ్ముకోవడానికి చెట్టు నిబంధనల బెడద తగ్గింది.

ఇప్పచెట్టు కింద నిప్పు

ఈ ప్రాంతపు మరో సరుకు ఇప్పపువ్వు. మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున రాలుతుంది. ఏరుకోవడం తేలికవుతుందని చెట్టు కింద ఎండుటాకుకు నిప్పు పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ నిప్పు ఒక్కోసారి అడవికి ఎక్కుతుంది, మొలకల్ని మాడుస్తుంది. మధ్యప్రదేశ్‌లో కొన్ని చోట్ల చెట్టు కింద వలలు కట్టారు. పువ్వు మట్టి అంటకుండా వలలో పడుతుంది, తినే సరుకుగా మంచి ధర పలుకుతుంది. నిప్పు అవసరమే పోయింది. శుభ్రమైన పువ్వు కావాలని, అలాంటి దానికే ధర పెడతానని ఇప్పపువ్వుతో లడ్డూలు చేసే సంఘం పట్టుబడితే చాలు, అడవిలో పద్ధతి మారుతుంది.

చిన్న సంఘాలు పెద్ద బజారుకు వెళ్లగలవనడానికి భద్రాచలమే సాక్ష్యం. ఇక్కడి మహిళా సంఘం చిరుధాన్యాలతో చేసే ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కెట్ల గురించి 2025 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. మెట్ట చేనులో వానకు పండే గింజకు గిరాకీ వస్తే ఆ చేను పడావు పడదు.

హద్దు గీసేది ఎవరు?

దుమ్ముగూడెం షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్ని గ్రామసభకు అప్పగించింది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసి, సామూహిక అటవీ వనరుల వాడకాన్ని క్రమబద్ధం చేసే అధికారాన్ని, అడవికి చేటు చేసే పనిని ఆపే అధికారాన్ని గ్రామసభకే ఇచ్చింది. ఏ గుట్ట మీద ఈ ఏడు ఆకు కోయకూడదో, ఏ పొదకు రెండేళ్లు సెలవివ్వాలో చెప్పాల్సింది ఆ సభే.

అలాంటి సెలవులు ఇక్కడివారికి కొత్త కాదు. కొత్తల పండుగ చేసుకునే దాకా కొత్తగా వచ్చిన కాయ, కొత్త పంట నోట పెట్టని ఆచారం కోయల్లో ఉంది. భక్తి అనండి, కట్టుబాటు అనండి, కాయ ముదిరే దాకా చెట్టుకు వ్యవధి దొరికేది. తునికాకుకూ ఒక క్రమం ఉంది. ఎండాకాలానికి ముందు కొమ్మలు కొడితే, లేత ఆకు వచ్చాక ఏప్రిల్, మే నెలల్లో కోస్తారు. తర్వాత మళ్లీ ఏడాది దాకా ఆ చెట్ల జోలికి పోరు. సరఫరా గొలుసు అని మేనేజ్‌మెంట్ పుస్తకాలు చెప్పేదాన్ని ఇక్కడ కాలం, కట్టుబాటు కలిసి నడిపాయి.

కొట్టు యజమాని చేయగలిగినవి

• మొదట ఒక వారం మీ చెత్తను వేరుచేసి తూకం వేయండి. కప్పులా, సీసాలా, కవర్లా, ఏది ఎక్కువైతే దానితోనే మొదలుపెట్టండి.

• కూర్చుని తాగేవారికి స్టీలు గ్లాసు, కూర్చుని తినేవారికి స్టీలు పళ్లెం. ఆకు విస్తరి పట్టుకెళ్లేవారికి, పండుగ రద్దీకి.

• ఆకు, బొంగు కొనేటప్పుడు ఏ ఊరి నుంచి, ఎవరు కోశారో అడగండి. తీగ నరికిన సరుకు వద్దని చెప్పండి. ఆరిన, చిరగని ఆకుకు ధర కొంత ఎక్కువ ఇవ్వండి.

• కొబ్బరి పీచు, చిప్పలు వాగులో వేయకండి. ఎండబెడితే పొయ్యికి అవే వంటచెరకు.

• ఎంగిలి ఆకులు, కూరగాయల తుక్కు గోతిలో వేసి మట్టి కప్పితే ఎరువు. గొయ్యి వరద నీరు చేరని ఎత్తులో ఉండాలి.

• జూన్ రాకముందే కొట్టులో ఉన్న ప్లాస్టిక్ అంతా ఏరి పంచాయతీ ట్రాక్టర్‌కు ఎక్కించండి. వరద మీకన్నా ముందు ఏరితే మళ్లీ దొరకదు.

కొనేవాళ్ల వంతు

ఇవన్నీ కొట్టువాళ్ల నెత్తినే వేసి ఊరుకుంటే కుదరదు. ఆదివారం కారులో వచ్చి, ఆషాఢంలోనూ లేత బొంగే కావాలనేది, ప్రతి టీకి కొత్త కప్పు అడిగేది, ఆకు పళ్లేనికి రెండు రూపాయలు ఎక్కువంటే బేరమాడేది మనమే. వానల్లో వెదురు కొట్టం కాబట్టి ఈ నెలల్లో బొంగు వంట లేదు అని బోర్డు పెట్టిన కొట్టుకు గిరాకీ తగ్గితే, మరుసటేడు ఆ బోర్డు ఉండదు, వెదురు పొదా ఉండదు. లేదు అని చెప్పే ధైర్యం ఉన్న వ్యాపారిని వెతుక్కుని మరీ ఆ కొట్టుకే వెళ్లాలి. పర్ణశాల దారిలో పచ్చటి వ్యాపారాన్ని గుర్తుపట్టడానికి ఇంతకన్నా నమ్మదగిన ముద్ర లేదు.