మీకు తెలుసా? పగలు దాచి, రాత్రి చూపే తెర

ఢిల్లీ, నోయిడాల అద్దె ఇళ్లలో బాల్కనీలకు కట్టే ‘చిక్’, అంటే సన్నని వెదురు బద్దలను దారంతో అల్లిన చుట్టు తెర, 16వ శతాబ్దపు హుమాయూన్ సమాధిలోని రాతి జాలీల కాంతి సూత్రంతోనే పనిచేస్తుంది: వెలుపలి వెలుగు లోపలి వెలుగుకంటే ఎక్కువగా ఉన్నంతసేపు లోపలివారు బయటికి చూడగలరు గాని, బయటివారికి లోపలిది స్పష్టంగా కనిపించదు. చీకటిపడి ఇంట్లో దీపం వెలగగానే ఈ స్థితి తారుమారవుతుంది. కనుక, కిటికీలు ఎదురెదురుగా ఉండే ఢిల్లీలోని మునిర్కా వంటి ఇరుకు పేటల్లో చిక్ వెనుక మందపాటి గుడ్డతెర తప్పనిసరి. గోడకు మేకు కొట్టకుండా కిటికీ చట్రంలో బిగించే స్ప్రింగు కడ్డీ ఇందుకు చాలు. ఇంటి యజమాని రాకను మాత్రం ఏ తెరా ఆపలేదు. దానికి సంబంధించి, రాష్ట్రాల కోసం కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, యజమాని లోపలికి రావడానికి కనీసం 24 గంటల ముందు తెలియజేయాలని నిర్దేశించింది.