బీప్ వచ్చినంత మాత్రాన కేబుల్ బాగున్నట్టు కాదు: రోబోల నరాలు ఎలా తయారవుతాయి, ఎలా టెస్ట్ చేస్తారు?

మీ ఫోన్ చార్జర్ కేబుల్ ఎక్కడ పోతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. మధ్యలో పోవడం చాలా తక్కువ. ప్లగ్ దగ్గర, మెడ వంగే చోటే పోతుంది. మొదట కొంచెం కదిపితే చార్జ్ ఎక్కుతుంది, తర్వాత ఒక యాంగిల్‌లో పట్టుకుంటేనే ఎక్కుతుంది, ఆఖరికి అసలు ఎక్కదు. మనం ఇంకోటి కొనేసుకుంటాం, అంతే.

అదే కేబుల్ ఒక రోబో చేతిలో ఉంటే? లెక్క వేద్దాం. ఫోన్ కేబుల్‌ని రోజుకి పదిసార్లు వంచినా ఏడాదికి 3,650 వంపులు. 10 సెకన్లకి ఒకసారి ఒకే పని చేసే రోబో చేయి ఆగకుండా నడిస్తే రోజుకి 8,640 సార్లు, ఏడాదికి 31 లక్షలకి పైగా వంగుతుంది. మనం మోటార్లు, ప్రాసెసర్లు, కెమెరాల గురించి ఎంత మాట్లాడుకున్నా, రోబోలో ముందుగా అలసిపోయే భాగాల్లో కేబుల్ ఒకటి. అది ఎలా తయారవుతుందో, ఎలా పరీక్షిస్తారో చూద్దాం. మా మార్కాపురం, గిద్దలూరు వైపు దీనితో ఏం పనో చివర్లో చెప్తా.

కేబుల్ వేరు, కేబుల్ అసెంబ్లీ వేరు

షాపులో మీటర్ల లెక్కన కొనేది కేబుల్. దాన్ని కొలతకి కోసి, చివర్లకి కనెక్టర్లు బిగించి, లేబుల్ వేసి, టెస్ట్ చేసి ఇస్తే అది కేబుల్ అసెంబ్లీ. రోబో చేతిలో మోటార్‌కి పవర్, ఎన్‌కోడర్ సిగ్నల్, బ్రేక్, కెమెరా డేటా అన్నీ ఇరుకు కీళ్లలోంచే వెళ్లాలి. ఒక్కో రోబోకి పొడవు వేరు, కనెక్టర్ వేరు. అందుకే ఎక్కువగా కస్టమ్ పనే.

తయారీ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక పెద్ద బల్ల మీద అసలు సైజు డ్రాయింగ్ అంటించి, మలుపుల దగ్గర మేకులు కొడతారు. వైర్లని ఆ మేకుల మధ్య పరుస్తూ కట్ట కడతారు. చివర్లలో తోలు తీసి, మెటల్ టెర్మినల్ పెట్టి క్రింప్ చేసి, కనెక్టర్‌లోకి క్లిక్ అనేదాకా నెడతారు. కోయడం, తోలు తీయడం, క్రింప్ చేయడం మెషీన్లు చేసేస్తాయి. పరచడం, కట్టడం మాత్రం ఇప్పటికీ చాలావరకు చేతిపనే. ఎందుకంటే వైరు మెత్తగా, ఎటు పడితే అటు వాలిపోతుంది. గట్టి వస్తువుని పట్టుకున్నంత తేలిగ్గా రోబో దాన్ని పట్టుకోలేదు. అంటే రోబోల నరాలు ఇంకా మనుషుల చేతులే అల్లుతున్నాయి!

ఏ వైరు పడితే ఆ వైరు పనికిరాదు

ఇంటి గోడల్లో వేసే వైరులో తీగలు తక్కువ, లావు. కదిలే చోటికి వెంట్రుకల్లాంటి సన్న తీగలు ఎక్కువ ఉన్న వైరు కావాలి. సన్న తీగ వంగినప్పుడు దాని మీద ఒత్తిడి తక్కువ పడుతుంది. పైతోలు మామూలు పీవీసీ అయితే ఆయిల్‌కి, రాపిడికి త్వరగా పాడవుతుంది, అందుకే పాలీయురేథేన్ లాంటివి వాడతారు.

వంపుకీ ఒక హద్దు ఉంటుంది. కదిలే కేబుల్‌ని దాని మందానికి సుమారు పది రెట్ల వ్యాసార్థం కంటే బిగువుగా వంచకపోవడం మంచిది. 8 మిల్లీమీటర్ల కేబుల్‌కి 80 మిల్లీమీటర్లు అన్నమాట. కచ్చితమైన అంకె ఆ కేబుల్ డేటాషీట్‌లో ఉంటుంది. ఇక వంగడం వేరు, మెలి తిరగడం వేరు. రోబో మణికట్టు దగ్గర కేబుల్ బట్టలు పిండినట్టు మెలి తిరుగుతుంది. వంపుకి తయారైన కేబుల్ అక్కడ నిలవకపోవచ్చు. ఇంకో సంగతి, కదిలే భాగంలో కేబుల్‌ని జిప్ టైతో గట్టిగా బిగించకండి. బిగించిన చోటే అది తెగుతుంది.

బీప్ ఎందుకు మోసం చేస్తుంది?

అసలు విషయం ఇక్కడుంది. కేబుల్ చెక్ చేయమంటే మనం మల్టీమీటర్ తీసి కంటిన్యుటీలో పెడతాం. బీప్ వచ్చిందా, ఓకే. కానీ చాలా మీటర్లు పదుల ఓమ్‌ల లోపు ఏదున్నా బీప్ కొట్టేస్తాయి. 19 తీగల్లో 18 తెగి ఒక్కటే మిగిలినా బీప్ వస్తుంది.

0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఒక మీటరుకి సుమారు 0.023 ఓమ్. దాంట్లో 5 ఆంపియర్లు పోతే 0.12 వోల్టులు తగ్గుతుంది, పర్లేదు. ఇప్పుడు క్రింప్ సరిగ్గా పడక 0.2 ఓమ్ అదనంగా చేరిందనుకోండి. మీటర్ బీప్ మామూలే. కానీ అక్కడ ఒక వోల్టు పడిపోతుంది, బియ్యపు గింజంత చోటులో 5 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పట్టు ఇంకా సడలుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

అందుకే మంచి వర్క్‌షాపులో టెస్టులు వరసగా ఉంటాయి. ఏ పిన్ ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళ్తోందా అని చూస్తారు. రెండు వైర్లతో కరెంట్ పంపి, వేరే రెండిటితో వోల్టేజ్ కొలిచి చిన్న రెసిస్టెన్స్ పట్టుకుంటారు. ఎక్కువ వోల్టేజ్ ఇచ్చి ఇన్సులేషన్ చూస్తారు. శాంపిల్ క్రింప్‌లని లాగి తెంపుతారు. 18 గేజ్ వైరైతే యూఎల్ 486ఏ ప్రకారం దాదాపు 9 కిలోల లాగుడుకి ఆగాలి.

చివరిది కదలికలో టెస్ట్. రోబో కేబుల్‌లో లోపం ఆగి ఉన్నప్పుడు కనపడదు. ఒక యాంగిల్‌లో క్షణంలో వెయ్యో వంతు తెగి మళ్లీ కలుస్తుంది. ఎన్‌కోడర్ ఎర్రర్ వచ్చి రోబో ఆగిపోతుంది. మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లం రెండు రోజులు కోడ్‌లో బగ్ వెతుక్కుంటాం!

మీరే చేసుకోగల టెస్ట్ రిగ్

కేబుల్ డేటాషీట్‌లో చెప్పిన వ్యాసార్థానికి సరిపడే గుండ్రటి పైపు మీద కేబుల్ వేసి, ఒక కొసకి చిన్న బరువు కట్టండి. రెండో కొసని కారు వైపర్ మోటార్‌తో ముందుకీ వెనక్కీ ఆడించండి. హాబీ సర్వో వద్దు, కేబుల్ కంటే ముందు అదే పోతుంది. లోపలి వైర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఒకే లూప్ చేసి, ఆర్డుయినో ఇంటరప్ట్ పిన్‌కి ఇవ్వండి. లూప్ ఎక్కడ తెగినా ఎన్నో వంపులో తెగిందో రికార్డ్ అవుతుంది. 2 సెకన్లకి ఒక వంపు అయితే రోజుకి 43,200, పది లక్షలకి సుమారు 23 రోజులు. మధ్యమధ్యలో ఆపి రెసిస్టెన్స్ కూడా రాసుకోండి. పెరుగుతుంటే తెగే రోజు దగ్గరపడినట్టే.

నల్లమల అటువైపు, ఇటువైపు

ఇదంతా ఫ్యాక్టరీల గోలే అనుకోవద్దు. మార్కాపురం నుంచి దోర్నాల, శ్రీశైలం మీదుగా కృష్ణ దాటితే దోమలపెంట. 2025 ఫిబ్రవరి 22న అక్కడి ఎస్ఎల్‌బీసీ సొరంగంలో, సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. మనుషులు వెళ్లడం ప్రమాదమైన చోటికి పంపడానికి తర్వాత రోబోలని తెచ్చారు. అలాంటి చోట బురద, నీరు, పైగా వైర్‌లెస్ సిగ్నల్ రాయి దాటి దూరం పోదు. రోబోకి వెనకాల కేబుల్ ఉంటే కరెంటు, కంట్రోల్, వీడియో అన్నీ దాని మీదే ఆధారం. అక్కడ ఒక కనెక్టర్‌లోకి నీళ్లు పోతే రోబో లోపలే ఉండిపోతుంది. దాన్ని తీయడానికి మళ్లీ మనిషే వెళ్లాలి.

ఇక ఇటువైపు. మార్కాపురం అంటే పలక. రాయిని పొరలుగా చీల్చి, కోసి, ఫ్రేమ్ వేసే చేతిపని ఇక్కడ కుటుంబాలని పోషించింది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. వానలు లేని ఏడు గిద్దలూరు స్టేషన్‌లో బెంగళూరు రైలెక్కే వాళ్లని చూస్తే మిగతాది అర్థమవుతుంది. కేబుల్ అసెంబ్లీ కూడా చేతిపనే. హైదరాబాద్‌లో సయెంట్ డీఎల్ఎం లాంటి కంపెనీలు చేసే పనుల్లో కేబుల్ హార్నెస్‌లు కూడా ఉన్నాయి. మొదలుపెట్టడానికి నీళ్లు ఎక్కువ అక్కర్లేదు, ఎకరాల స్థలం అక్కర్లేదు. నిలకడైన చేయి, సరైన క్రింపింగ్ టూల్, ఓపిక కావాలి.

మా వైపు చేతికి కొరత లేదు. కావలసింది నమ్మకం, అది టెస్ట్ రికార్డుతోనే వస్తుంది. ఈ రంగానికి ఐపీసీ/డబ్ల్యూహెచ్ఎంఏ-ఏ-620 అనే స్టాండర్డ్ ఉంది. ఏ క్రింప్ పాస్, ఏది ఫెయిల్ అన్నది మూడు క్లాసులుగా చెప్తుంది, దాని మీద ట్రైనింగ్, సర్టిఫికెట్ కూడా ఉన్నాయి. ప్రతి కేబుల్‌కి ఒక నంబర్, ఆ నంబర్‌కి రెసిస్టెన్స్, లాగుడు, వంపుల లెక్క చూపించగలిగితే కొనేవాడు వర్క్‌షాప్ ఏ ఊళ్లో ఉందని అడగడు. ఆ లెక్కలు దాచే సాఫ్ట్‌వేర్ రాయడం బీటెక్ చదివిన మనకి ఒక వారం పని. పాలిటెక్నిక్, ఐటీఐ కుర్రాళ్లు ముందు ఆ వైపర్ మోటార్ రిగ్ కట్టి చూడండి. మొదటి కేబుల్ ఎన్నో వంపులో తెగిందో మాకు రాయండి.