మేకపిల్లను ఎప్పుడు కట్టించాలి? నెలలు కాదు, తూకం చూడండి

ఊరికి పోయాక ఏం చేస్తావని అడిగితే క్యాంపుల్లో ఉండే మన వాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటి ఉంది. "నాలుగు మేకలు పెట్టుకుంటే చాలు." కొందరు అప్పటిదాకా ఆగడం లేదు. జీతంలో మిగిల్చి ఇంటికి పంపి, తమ్ముడితోనో ఇంటామెతోనో ఇప్పుడే ఆడపిల్లలను కొనిపిస్తున్నారు. డబ్బు పంపేది ఒకరు, మేపేది ఇంకొకరు. నడుమ ఉన్నది ఫోను ఒక్కటే. ఆ ఫోనులో మనం ముందుగా అడిగేది "చూలు కట్టిందా?" అని. మనకు తొందర, అప్పు వడ్డీ తొందర. ఆ తొందరను చూసి ఇంటివాళ్లు కూడా ఐదో నెలలోనే పిల్లను పోతు దగ్గరికి వదులుతారు. పెట్టిన డబ్బు దెబ్బతినేది సరిగ్గా అక్కడే.

అమెరికాలో పాల మేకలు పెంచే రైతులకూ ఈ సమస్య ఉంది. వాళ్లు దీన్ని ఎలా తేల్చుకుంటారో తెలుసుకుంటే మనకు పనికొస్తుంది. వాళ్ల పద్ధతులన్నీ మనకు అక్కర్లేదు. పనికొచ్చే ముఖ్యమైన సంగతికి మాత్రం పెద్ద ఖర్చు లేదు.

మన మేక, వాళ్ల మేక

అమెరికా పాల మేకల్లో పేరున్న నూబియన్ జాతిని చూస్తే పెద్ద పెద్ద వేలాడే చెవులు, వంపు తిరిగిన ముక్కు కనిపిస్తాయి. ఎక్కడో చూసినట్టు ఉంటుంది. ఉండాలి కూడా. ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా ప్రాంతపు జమునాపారి పోతులను, ఈజిప్టు వైపు పోతులను 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండుకు తీసుకుపోయి అక్కడి మేకలతో కలిపారు. అలా పుట్టిన జాతి 1909లో కాలిఫోర్నియా చేరింది. అంటే ఆ మేక ఒంట్లో మన దేశపు రక్తం ఉంది. మనలాగే అదీ వలస పోయిందే.

అమెరికాలో పాల మేకల రైతుల సంఘం 1904లో మొదలైంది. ఇప్పుడు దాని పేరు అమెరికన్ డైరీ గోట్ అసోసియేషన్. ఏ మేక ఏ తల్లికి పుట్టింది, ఎప్పుడు పుట్టింది అన్న వివరాలను ఆ సంఘం పుస్తకాల్లో ఎక్కిస్తుంది. పాల మేకలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో విస్కాన్సిన్, కాలిఫోర్నియా ముఖ్యమైనవి. పాలలో చాలా భాగం జున్నుగడ్డల తయారీకి, అంటే చీజ్‌కు పోతుంది. మంచి మేక రోజుకు 3 లీటర్లు ఇవ్వడం అక్కడ మామూలు విషయం. మన నాటు మేకలు ఎక్కువగా మాంసం కోసమే కాబట్టి పాల లెక్క మనకు కుదరదు. పిల్లను పెంచే లెక్క మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

మొదటి మూడు నెలలే పునాది

పిల్ల పుట్టిన మొదటి గంటలోనే జున్నుపాలు తాగాలి. మొదటి 24 గంటల్లో తన బరువులో పదో వంతు లోపలికి పోవాలి. 2 కిలోల పిల్లకు అది 200 మిల్లీలీటర్లు. రోగాన్ని తట్టుకునే శక్తి ఆ పాలలోనే ఉంటుంది. ఒక రోజు దాటితే పిల్ల పేగు ఆ శక్తిని పీల్చుకోలేదు. బొడ్డుకు టించర్ అయోడిన్ పెట్టాలి.

అమెరికాలో పెద్ద డెయిరీలు చాలావరకు పిల్లను పుట్టగానే తల్లి నుంచి వేరు చేసి, వేడి చేసిన జున్నుపాలు సీసాతో పడతాయి. తల్లి పాల ద్వారా పిల్లకు అంటే ఒక కీళ్ల జబ్బును ఆపడానికి అలా చేస్తారు. ఇంట్లో నాలుగు మేకలున్న మన వాళ్లకు ఆ బాధ అక్కర్లేదు. పిల్లను తల్లి దగ్గరే ఉంచవచ్చు. కానీ తల్లి పాలు పిండి టీ కొట్టుకు పోసి, పిల్లకు ఖాళీ పొదుగు వదిలితే మాత్రం రేపటి మేకను ఈరోజే అమ్ముకున్నట్టు.

రెండో వారం నుంచి లేత ఆకు, ఎండుగడ్డి, గుప్పెడు దాణా పిల్ల ముందు ఉంచాలి. గడ్డి కొరికితేనే నెమరు వేసే పొట్ట పెరుగుతుంది. అమెరికా రైతులు పాలు మాన్పించడానికి కూడా తూకమే చూస్తారు. పుట్టినప్పటి బరువుకు రెండున్నర రెట్లు అయి, దాణా బాగా తింటుంటేనే మాన్పిస్తారు. మామూలుగా అది 8 నుంచి 12 వారాల మధ్య జరుగుతుంది.

ఈ వయసులో పిల్లలను ఎక్కువగా దెబ్బతీసేది రక్తపారుడు. తడి నేల, మురికి తొట్టి, ఇరుకు దొడ్డి దానికి కారణం. దొడ్డి పొడిగా ఉంటే సగం జబ్బు రాదు. చిటుక రోగానికి, పీపీఆర్‌కు టీకాలు, నట్టల మందు ఎప్పుడెప్పుడు వేయించాలో మండల పశువుల ఆసుపత్రిలో అడిగి రాసి పెట్టుకోమని ఇంట్లో చెప్పండి.

రూపాయిలో పదణాలు

ఇక అసలు ప్రశ్న. ఆడపిల్ల నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. తోక ఊపుతుంది, ఊరికే అరుస్తుంది, మేత మానేస్తుంది. అంతమాత్రాన అది తల్లి కావడానికి సిద్ధమైనట్టు కాదు. ఇంట్లో పిల్ల పెద్దమనిషి అయిన మరునాడే పెళ్లి చేస్తామా? ఇదీ అంతే.

అమెరికా రైతులు పాటించే లెక్క ఇది. ఆ జాతిలో పెద్ద మేక ఎంత తూగుతుందో అందులో 60 నుంచి 65 శాతం బరువు వచ్చాకే పిల్లను కట్టించాలి. మన పాత లెక్కలో చెప్పాలంటే రూపాయిలో పదణాలు. అక్కడి పెద్ద జాతుల మేక కనీసం 61 కిలోలు ఉండాలి. అందుకే పిల్ల 36 కిలోలకు అటూ ఇటూగా తూగేదాకా ఆగుతారు. నెలకు నాలుగున్నర కిలోల చొప్పున పెరిగే పిల్ల 7, 8 నెలలకు ఆ తూకానికి వస్తుంది.

మన దొడ్డిలో పెద్ద మేక 30 కిలోలు తూగుతుందనుకుందాం. దాని పిల్ల 18 నుంచి 20 కిలోలు కావాలి. 2 కిలోలతో పుట్టి నెలకు 2 కిలోలు పెరిగితే 8, 9 నెలలు పడుతుంది. మేత తక్కువైతే ఏడాది పట్టవచ్చు. బాగా మేపిన పిల్ల ముందే రావచ్చు. అందుకే నెలలు లెక్కపెట్టి లాభం లేదు.

తొందరపడితే ఏమవుతుంది? పిల్ల తానే ఇంకా పెరుగుతుంటుంది. కడుపులోని పిల్ల, తల్లి ఎముకలు ఒకే మేత కోసం పోటీ పడతాయి. కటి ఇరుకుగా ఉండి ఈత కష్టమవుతుంది. పుట్టిన పిల్ల చిన్నదిగా, బలహీనంగా ఉంటుంది. పొదుగులో పాలు చాలవు. తల్లి ఎదుగుదల అక్కడే గిడసబారుతుంది. మూడు నెలలు ముందు వచ్చిన ఒక పిల్ల కోసం ఐదారు ఈతల మేకను పాడు చేసుకున్నట్టు అవుతుంది.

అలాగని మరీ ఆలస్యం కూడా మంచిది కాదు. తూకం వచ్చాక ఊరికే మేపుతూ పోతే కొవ్వు పట్టి చూలు నిలవడం కష్టమవుతుంది. తిండి ఖర్చు వేరే.

వాళ్లకు ఏడాది, మనకు 21 రోజులు

చలిదేశాల మేకలు మన మేకల్లాగా ఏడాది పొడవునా ఎదకు రావు. పగలు తగ్గే కాలంలో, అంటే ఆగస్టు నుంచి జనవరి లోపే ఎక్కువగా వస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో పుట్టిన పిల్లకు అక్టోబరు, నవంబరు నాటికి తూకం రాకపోతే చాలామంది రైతులు మరుసటి ఏడు దాకా ఆగుతారు. పాల చుక్క లేకుండా ఏడాది మేపడం చిన్న నష్టం కాదు. అయినా ఆగుతారు.

మన మేకలు దాదాపు ఏ కాలంలోనైనా ఎదకు వస్తాయి. చూలు కట్టకపోతే సుమారు 21 రోజులకు మళ్లీ వస్తాయి. తూకం రెండు కిలోలు తక్కువుంటే ఒకటి రెండు ఎదలు వదిలేస్తే సరిపోతుంది. వాళ్లు ఏడాది ఆగగలిగితే, మనం నెలా రెండు నెలలు ఆగలేమా?

కాటా లేకపోతే దర్జీ టేపు

అన్ని ఇళ్లలో కాటా ఉండదు. బట్టలు కుట్టే టేపు చాలు. మేకను సమంగా నిలబెట్టి, ముందు కాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోవాలి. తర్వాత భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి.

చుట్టుకొలత 22, పొడవు 26 అంగుళాలు అనుకోండి. 22ను 22తో గుణిస్తే 484. దాన్ని 26తో గుణిస్తే 12,584. 660తో భాగిస్తే 19 కిలోలు. ఇది ఉజ్జాయింపు లెక్క. నెలకోసారి, పొద్దున్నే మేపకముందు, ఒకే మనిషి కొలిస్తే తేడా తక్కువ వస్తుంది. బడికి పోయే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పని వాళ్లకు అప్పజెప్పండి, నోటుబుక్కులో రాస్తారు.

పోతును ఆపకపోతే నిర్ణయం మనది కాదు

ఇవన్నీ చేసినా పోతు మందలో తిరుగుతుంటే ఎప్పుడు కట్టాలన్నది అదే తేలుస్తుంది. మగపిల్లలు మూడు నాలుగు నెలలకే కట్టగలవు. అందుకే అమెరికాలో వాటిని ఆ వయసు రాకముందే వేరే దొడ్డిలో పెడతారు. మన దగ్గర వేరే దొడ్డి లేకపోతే తూకం రాని ఆడపిల్లలను కట్టేసి మేపాలి. లేదా పోతు పొట్ట కింద మందపాటి గుడ్డ అడ్డంగా కట్టాలి. తండ్రి పోతు కూతుళ్లను కట్టకుండా రెండేళ్లకోసారి పోతును మార్చాలి.

కట్టిన తేదీ గోడ మీద రాయాలి. మేక చూలు సుమారు 150 రోజులు. కడుపులోని పిల్ల పెరుగుదలలో ఎక్కువ భాగం చివరి 50 రోజుల్లోనే జరుగుతుంది. తేదీ తెలిస్తేనే ఆ 50 రోజులు దాణా కొంచెం కొంచెంగా పెంచగలం, ఈత రోజు మనిషి దగ్గర ఉండగలడు.

ఈసారి ఫోను చేసినప్పుడు ఇవి అడగండి. పెద్ద మేక ఎన్ని కిలోలు? పిల్ల ఎన్ని కిలోలు? పోయిన నెలకు ఈ నెలకు ఎంత పెరిగింది? టీకాలు వేయించారా? పోతు ఎక్కడ ఉంది? పదణాల తూకం రాలేదని చెబితే, "ఈసారికి వదిలేయండి, తొందర లేదు" అని మీరే చెప్పండి. ఆ మాట మీ నోటి నుంచి వస్తేనే ఇంటివాళ్లు నిమ్మళంగా ఆగుతారు. డబ్బు పంపినవాళ్ల తొందర భయం వాళ్లకు ఉంటుంది మరి.